కథ చెప్పని ఆహార్యం: తెలుగు బాలసాహిత్య చిత్రకారుల వస్త్రకల్పన

చందమామ బేతాళ కథల శీర్షిక మీద ఉండే బొమ్మ తెలుగు పాఠకులకు పరిచయం చేయనవసరం లేనిది. దూసిన కత్తితో, భుజాన శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుడిని చిత్రకారుడు శంకర్ ఒక రూపంలో నిలిపారు. కొన్ని దశాబ్దాలపాటు ఆ రూపమే రాజుగా చలామణి అయింది. కథాపాఠాన్ని ఎంత జాగ్రత్తగా చదివినా ఆ రాజు ఏం ధరించాడో తెలియదు. చెట్టెక్కడం, శవాన్ని దించడం, భుజాన వేసుకొని మౌనంగా నడవడం మాత్రమే పాఠంలో ఉన్నాయి. రాజు తొడుగు ఏ కాలానిది, నడుముకు ఏం చుట్టుకున్నాడు, ఆభరణాలు ఏ ప్రాంతపువి అనే ప్రశ్నలన్నింటికీ సమాధానం బొమ్మ ఒక్కటే ఇచ్చింది. కథకుడు ఖాళీగా వదిలిన చోట చిత్రకారుడు తన నిర్ణయాన్ని రాశాడని అనాలి.

తెలుగు బాలసాహిత్య చరిత్రలు ఈ నిర్ణయాలను లెక్కలోకి తీసుకోలేదు. రచయితలు, సంపాదకులు, పత్రికలు, ప్రక్రియలు వాటిలో ఉంటాయి. చిత్రకారుల పేర్లు ఉంటే పత్రిక గురించిన పేరా చివర ఒక జాబితాగా వస్తాయి, బొమ్మలు పత్రికకు శోభ తెచ్చాయనే ఒక్క వాక్యంతో ముగుస్తాయి. పిల్లల పుస్తకాల్లో వస్త్రాన్ని చిత్రించడం అలంకరణ పరిధిని దాటిన పని అనీ, అది పాఠానికి చేసిన వ్యాఖ్యానం అనీ, ఆ వ్యాఖ్యానం పుస్తకం నుంచి బయటికి వచ్చి తెలుగువారి కట్టుబొట్టు ఊహను కూడా ప్రభావితం చేసిందనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వర్ణన వదిలిన చోటు

తెలుగు కావ్యసంప్రదాయానికి వస్త్రం కొత్త విషయం కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో వస్త్రాల పేర్లను పట్టికలా గుప్పించాడు. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారపు సరుకుల్లో విదేశీ పట్టు కనిపిస్తుంది. ఆధునిక కాలంలో అడివి బాపిరాజు (1895–1952) స్వయంగా చిత్రకారుడు. శాతవాహన కాలాన్ని తీసుకొని హిమబిందు రాసినప్పుడు పాత్రల అలంకరణను వచనంలోనే గీశాడు. ఇలాంటి రచనలకు బొమ్మ వేసేవాడు పాఠానికి బద్ధుడై ఉండక తప్పదు.

జానపద కథకు ఈ తీరిక లేదు. అనగనగా ఒక రాజు ఉంటాడు, అతనికి ఏడుగురు కొడుకులు ఉంటారు, కథ నడిచిపోతుంది. రాజు పట్టు కట్టాడో నూలు కట్టాడో చెప్పేవారికీ వినేవారికీ అవసరం లేదు. మౌఖిక సంప్రదాయంలో వినేవాడు తన ఊరి దొరనో, భాగవతుల వేషాన్నో తలచుకొని ఆ ఖాళీని పూరించుకునేవాడు. కథ అచ్చులోకి వచ్చి, పక్కన బొమ్మ చేరాక ఆ స్వేచ్ఛ చిత్రకారుడి చేతికి మారింది. నాట్యశాస్త్రం ఆహార్యాన్ని అభినయ భేదాల్లో ఒకటిగా చెప్పింది. అచ్చుకథలో మిగిలిన అభినయాలు రచయితవి కాగా ఆహార్యం పూర్తిగా చిత్రకారుడిది.

ఈ అధికారం ఎంత దూరం వెళ్లగలదో చూపడానికి ఇంగ్లండు చరిత్రలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. కేట్ గ్రీనవే (1846–1901) చెక్క మీద బొమ్మలు చెక్కే వృత్తికారుడి కుమార్తె. తల్లి లండన్‌లోని ఇజ్లింగ్టన్‌లో పిల్లల దుస్తుల దుకాణం నడిపింది. 1879లో ఎడ్మండ్ ఎవాన్స్ రంగుల్లో ముద్రించిన 'అండర్ ది విండో'తో గ్రీనవేకు పేరు వచ్చింది. ఆమె బొమ్మల్లో పిల్లలు వేసుకున్న దుస్తులు ఆమె కాలంనాటివి కావు. పద్దెనిమిదో శతాబ్ది చివర, పంతొమ్మిదో శతాబ్ది మొదట ఇంగ్లండులో వాడుకలో ఉన్న పొడవైన గౌన్లను, టోపీలను ఆమె తన అభిరుచి మేరకు మార్చుకుంది. వాటిని స్వయంగా కుట్టి, నమూనాకు నిలబడే పిల్లలకు తొడిగి గీసేది. తరువాత లండన్‌లోని లిబర్టీ దుకాణం ఆ బొమ్మల ఆధారంగా పిల్లల దుస్తులు తయారు చేసి అమ్మింది. ఎన్నడూ అచ్చంగా అలా లేని గతం పుస్తకంలో పుట్టి, దుకాణంలో కుట్టుపని పొంది, పిల్లల ఒంటి మీదికి చేరింది. తెలుగులో ఈ ప్రయాణం ఇంత సూటిగా సాగలేదు. అయినా సాగింది.

అన్ని భాషలకూ ఒకే బ్లాకు

చక్రపాణి, బి. నాగిరెడ్డి 1947 జూలైలో చందమామను తెలుగులోనూ తమిళంలోనూ ప్రారంభించారు. తరువాతి సంవత్సరాల్లో కన్నడం, హిందీ, మరాఠీ, ఒడియా మొదలైన భాషలు చేరాయి. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత నిర్వహించారు. చందమామ వచనం గురించి, దాని సరళత గురించి, కుటుంబరావు హేతుదృష్టి గురించి కావలసినంత చర్చ జరిగింది. ఆ వచనం పక్కనే ప్రతి పేజీలోనూ ఉన్న బొమ్మకు ఆ చర్చలో పాలు దక్కలేదు.

ముద్రణకు సంబంధించిన ఒక సాదా వాస్తవం ఇక్కడ కీలకం. చందమామ భాషాసంచికలన్నింటికీ బొమ్మలు ఒకటే. అక్షరాలు మారతాయి, బొమ్మ మారదు. తెలుగు పిల్లవాడు చూసిన రైతునే తమిళ పిల్లవాడు, మరాఠీ పిల్లవాడు, ఒడియా పిల్లవాడు కూడా తమ రైతుగా గుర్తుపట్టాలి. పంచెకట్టులో కోనసీమ తీరు ప్రస్ఫుటంగా కనిపిస్తే అది మహారాష్ట్రలో పరాయిదవుతుంది. నౌవారీ చీర గీస్తే మద్రాసులో పరాయిదవుతుంది. అందువల్ల చందమామ చిత్రకారులు ఏ ఒక్క ప్రాంతానికీ పూర్తిగా చెందని, ఏ ప్రాంతమూ కాదనలేని ఒక వేషభాషను కల్పించుకోవలసి వచ్చింది. చందమామ లోకం కాలాతీతంగా ఉంటుందని అభిమానులు మురిపెంగా చెప్పుకునే లక్షణానికి కారణాల్లో ఇది ఒకటి. అందులో చిత్రకారుల సౌందర్యదృష్టితోపాటు బహుభాషా ముద్రణ పొదుపు కూడా ఉంది.

ఆ వేషభాషను తయారు చేసిన వారి నేపథ్యాలు గమనించదగ్గవి. శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్ (1924–2020). ఆయన దేవీప్రసాద్ రాయ్‌చౌదురి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో మద్రాసు చిత్రకళాశాలలో శిక్షణ పొందారు. 1950ల తొలినాళ్లలో చందమామకు వచ్చి జీవితకాలం అక్కడే గడిపారు. మరణానంతరం 2021లో పద్మశ్రీ లభించింది. 'చిత్ర' అనే సంతకంతో వేసిన టి. వీరరాఘవన్ కళాశాల చదువు లేకుండా సొంతంగా నేర్చుకున్న వ్యక్తి. ఎం.టి.వి. ఆచార్య కన్నడ ప్రాంతం నుంచి వచ్చి భారత కథలకు గంభీరమైన వర్ణచిత్రాలు వేశారు. తెలుగు పిల్లలకు 'మన పాతకాలపు పల్లె'ను చూపించినవారిలో ముఖ్యులు పుట్టుకతో తెలుగువారు కాకపోవడం కేవలం విశేషంగా చెప్పుకొని వదిలేయదగినది కాదు. తెలుగు సంస్కృతి చిత్రరూపం మద్రాసులో, బహుభాషా పనిచోటులో తయారైందని ఇది చెబుతుంది.

శంకర్, చిత్రల మధ్య వస్త్రాన్ని చూసే తీరులో తేడా ఉంది. శంకర్ పద్ధతి పురాణానిది. ఆయన బొమ్మల్లో ఆభరణం, కిరీటం, స్తంభం, రథం అన్నీ వివరంగా చెక్కినట్టు ఉంటాయి. వస్త్రం కూడా శిల్పంలోని వస్త్రంలా శరీరానికి అంటి మడతలు తీరుతుంది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, జ్వాలాద్వీపం, శిథిలాలయం వంటి ధారావాహికలకు బొమ్మలు వేసిన చిత్ర దారి వేరు. ఆ కథల్లో మాంత్రికులు, వికృతాకారులు, అడవిమనుషులు, ఊరూపేరూ లేని ద్వీపాల రాజులు ఉంటారు. వారికి పురాణంలోనూ శిల్పంలోనూ నమూనా దొరకదు. చిత్ర వారికి తోళ్లు, ఈకలు, ఎముకలు, లోహపు తొడుగులు కల్పించి వేషం కట్టారు. ఆ సీరియళ్ల విజయంలో ఈ వేషకల్పన వాటాను పక్కనబెట్టి దాసరి సుబ్రహ్మణ్యం శైలిని మాత్రమే విశ్లేషిస్తే అది సగం పని.

మరొక విచిత్రం ఉంది. చందమామ కథల్లో చాలావాటికి రచయిత పేరు ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు కూడా ఆయన పేరు లేకుండానే వచ్చాయి. బొమ్మల మూలన మాత్రం చిత్రకారుల సంతకాలు ఉండేవి. 'చిత్ర', 'శంకర్', 'వపా' అనే చిన్న అక్షరాలను పిల్లలు వెతుక్కొని చదివారు. ఒక తరం పాఠకులకు రచయిత అజ్ఞాతుడు, చిత్రకారుడు పరిచితుడు. సాహిత్య చరిత్ర తరువాత ఈ వరుసను తిరగేసింది. రచయితల పేర్లను శ్రమపడి వెలికితీసింది, సంతకం చేసినవారిని మరచింది.

ఈ వేషభాషకు ఒక హద్దు కూడా ఉంది. ఎవరు ఏ వృత్తివారో ఒక్క చూపులో తెలియాలి కాబట్టి చందమామ బొమ్మల్లో వస్త్రం గుర్తింపు చీటీలా పనిచేసింది. తలపాగా పరిమాణం చూసి షావుకారును, ఉత్తరీయం చూసి పండితుణ్ణి, మోకాళ్లపైకి ఎగ్గట్టిన పంచె చూసి కూలివాడిని పిల్లలు పోల్చుకున్నారు. కథలో కులం పేరు లేకపోయినా బొమ్మలో శ్రేణి ఉంది. బొమ్మ చదవడం నేర్చిన పిల్లవాడు ఆ శ్రేణిని కూడా నేర్చాడు. చిత్రకారులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పాఠం దాచినదాన్ని బొమ్మ బయటపెడుతుందని చూపడానికి చెప్పవలసి వచ్చింది.

బాపు గీత, తెలుగు చీర

పుస్తకం నుంచి బట్టలోకి జరిగిన ప్రయాణానికి తెలుగులో అతి పెద్ద సాక్ష్యం ఒక మాట. 'బాపు బొమ్మ' అనే ప్రయోగం నిఘంటువులో ఉన్నా లేకపోయినా వాడుకలో స్థిరపడింది. పెద్ద కళ్లు, బారు జడ, అంచు చీర లేదా లంగా ఓణీ ఉన్న అమ్మాయిని అలా అనడం మెచ్చుకోలు. ఓణీల వేడుకల్లో, పెళ్లి ఫోటోల్లో ఆ రూపాన్ని కోరి కట్టుకుంటారు. చిత్రకారుడి పేరు ఒక వస్త్రధారణ పద్ధతికి పేరైన ఉదాహరణ తెలుగులో ఇంకొకటి కనబడదు.

సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014) చిత్రజీవితం మొదలైంది పిల్లల పత్రికల వాతావరణంలో. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో ప్రారంభించిన 'బాల' పత్రిక ముళ్లపూడి వెంకటరమణ తొలి కథకు, బాపు తొలి బొమ్మలకు చోటిచ్చింది. తరువాత బాపు జె. వాల్టర్ థామ్సన్ వంటి వ్యాపార ప్రకటనల సంస్థల్లో పనిచేశారు. తమిళ పత్రికల చిత్రకారుడు గోపులును గురువుగా భావించారు. ఈ రెండు సంబంధాలూ ఆయన గీతను అర్థం చేసుకోవడానికి అవసరం. ప్రకటనల చిత్రకారుడికి స్థలం తక్కువ, సమయం తక్కువ. వస్తువును చూడగానే కోరిక పుట్టించాలి. చీరను నూలుపోగులతో సహా గీయడానికి అక్కడ వీలులేదు. అంచు దగ్గర రెండు గీతలు, కుచ్చిళ్ల దగ్గర నాలుగు, పైట జారే చోట ఒక వంపు. మిగిలింది తెల్ల కాగితం. నేత ఎలాంటిదో చూసేవారే ఊహించుకుంటారు. ఫ్యాషన్ చిత్రకళ ప్రపంచమంతటా పాటించే సూత్రం ఇదే. బట్టను గీయడం కన్నా బట్ట ఒంటి మీద పడే తీరును గీయడం దానికి ముఖ్యం. బాపు ఆ సూత్రాన్ని కథల బొమ్మల్లోకి, పిల్లల పుస్తకాల్లోకి తెచ్చారు.

సినిమా ఈ గీతకు కుట్టుపని చేసిపెట్టింది. సంపూర్ణ రామాయణం (1971), సీతాకల్యాణం (1976) తీసిన దర్శకుడు చిత్రకారుడే కావడంతో కాగితం మీది ఆహార్యం నటుల ఒంటి మీదికి వచ్చింది. అంతకుముందు పౌరాణిక చిత్రాల్లో నాటకరంగం నుంచి వచ్చిన జిగేలు దుస్తులకు అలవాటుపడిన ప్రేక్షకులు బొమ్మలోని రాముణ్ణీ సీతనూ తెర మీద చూశారు. గ్రీనవే విషయంలో లిబర్టీ దుకాణం చేసిన పనిని బాపు విషయంలో సినిమా, ఆ వెనుక చీరల దుకాణం పంచుకున్నాయి.

అయితే బాపు బొమ్మ ఏ ఊరిది? చందమామ వేషం ఏ ప్రాంతానికీ చెందకుండా జాగ్రత్తపడితే, బాపు వేషం నరసాపురం పరిసరాల గోదావరి డెల్టాది. అందులోనూ పెరడు, అరుగు, పూజగది ఉన్న ఇంటిది. ఆ అమ్మాయి చేతిలో పూలబుట్ట ఉంటుంది, కొడవలి అరుదు. ఒక ప్రాంతపు, ఒక వర్గపు కట్టు 'తెలుగుదనం' అనే సాధారణ నామాన్ని పొందింది. బాపు ఇలా ప్రకటించలేదు. ఆయన తనకు తెలిసిన లోకాన్ని గీశారు. దానిని అందరి లోకంగా మార్చినవారు పాఠకులు, వ్యాపారులు, విమర్శకులు. సమకాలికుడు వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో ఉండి చందమామకు, యువకు ముఖచిత్రాలు వేశారు. నీటిరంగుల పొరల్లో ఆయన గీసిన స్త్రీలు రాగాలకు, ఋతువులకు మూర్తులు. వారి వస్త్రం పొగమంచులా పారదర్శకంగా ఉంటుంది, దాన్ని కట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే కావచ్చు, 'వపా బొమ్మ' అనే మాట వేషానికి పేరు కాలేదు.

తెలుగు నేలకు మరొక వస్త్రరూపం ఉందని గట్టిగా చూపింది పిల్లల పుస్తకం కాదు. తోట వైకుంఠం చిత్రించిన తెలంగాణ స్త్రీలు, ముదురు రంగు చీరలతో, నుదుట పెద్ద బొట్టుతో, బాపు బొమ్మకు ఎదురు నిలిచే రూపం. బి. నరసింగరావు 'దాసి' (1988) చిత్రానికి కళాదర్శకత్వం వైకుంఠానిది. కళాదర్శకత్వానికీ దుస్తులకూ కూడా ఆ చిత్రం జాతీయ పురస్కారాలు పొందింది. గడీలోని దాసి చీర ఎలా ఉంటుందో పరిశోధించి చూపిన కృషి అది. ఆ స్థాయి శ్రద్ధ తెలంగాణ పిల్లల కథల బొమ్మల్లోకి రావడానికి చాలాకాలం పట్టింది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. 1960ల నుంచి 1980ల దాకా మాస్కో ప్రచురణలు తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారి అనువాదాలతోపాటు రష్యన్ చిత్రకారుల బొమ్మలూ వచ్చాయి. బొచ్చు టోపీలు, ఎంబ్రాయిడరీ చొక్కాలు, చలికోట్లు ఎర్రటి ఎండల్లో కూర్చొని చదివిన పిల్లలకు కంఠోపాఠం. పక్క జిల్లా పిల్ల కట్టే బట్ట తెలియని పాఠకుడికి రష్యన్ అవ్వ తలగుడ్డ తెలియడం బాలసాహిత్య చరిత్రలోని వింతల్లో ఒకటి.

బట్టే పేజీ అయినప్పుడు

ఇంతవరకు బొమ్మలోని బట్టను చూశాం. బట్ట మీది బొమ్మ గురించి కూడా చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీలో వస్త్రం, చిత్రం, కథ ఒకే చేతి పని. నూలు బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. చింతబొగ్గుతో రూపురేఖ గీస్తారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి బిగించిన కలాన్ని, బెల్లం, ఇనుము పులియబెట్టిన కసిమిలో ముంచి నల్లగీత వేస్తారు. కరక్కాయ తగిలిన బట్ట మీద ఆ గీత నల్లబడి నిలిచిపోతుంది, దిద్దుబాటుకు వీలుండదు. తరువాత పటిక, ఎరుపు, పసుపు, నీలం, మధ్య మధ్య పారే నీటిలో జాడింపు. రామాయణ ఘట్టాలు వరుస గళ్లలో, కింద తెలుగు అక్షరాల వివరణతో ఉన్న పాత కలంకారీ పటం నిజానికి సచిత్ర గ్రంథం. పురాణం చెప్పేవాడు దాన్ని వేలాడదీసి చదివి వినిపించాడు.

ఆ విద్య ఈనాడు రెండు దారుల్లో నడుస్తోంది. ఒకటి చీరలు, దుపట్టాలు, ఫ్యాషన్ ప్రదర్శనలు. రెండోది, సన్ననిదైనా ముఖ్యమైనది, పిల్లల పుస్తకం. చెన్నైలోని తారా బుక్స్ ప్రచురించిన 'మ్యాంగోస్ అండ్ బనానాస్' ఇండోనేషియా జంతుకథ. నేథన్ కుమార్ స్కాట్ తిరిగి చెప్పిన ఆ కథకు టి. బాలాజీ కలంకారీ పద్ధతిలో బొమ్మలు వేశారు. కోతి, చిట్టిలేడి కలంకారీ తీగల మధ్య తిరుగుతాయి. అదే సంస్థ గుజరాత్‌కు చెందిన జగదీశ్ చితారా చేసిన మాతా నీ పచేడీ వస్త్రాన్ని 'ది క్లాత్ ఆఫ్ ది మదర్ గాడెస్' పేరుతో బట్ట మీదే అచ్చువేసిన పుస్తకంగా తెచ్చింది. అక్కడ పుస్తకాన్ని మడతలు విప్పి చదవాలి.

ఈ రెండు దారుల మధ్య తేడా కళానైపుణ్యంలో లేదు, పేరులో ఉంది. కలంకారీ చీర కొన్నవారికి గీసిన చేయి ఎవరిదో సాధారణంగా తెలియదు. దుకాణం పేరు తెలుస్తుంది, రూపకర్త పేరు తెలుస్తుంది. భౌగోళిక గుర్తింపు చట్టం శ్రీకాళహస్తి అనే ఊరి పేరును కాపాడుతుంది, గీసినవారి పేరును కాదు. పుస్తకంలోకి వచ్చినప్పుడు అదే గీతకు రచయితతో సమానంగా చిత్రకారుడి పేరు పడుతుంది. చందమామ బొమ్మ మూలన ఉండిన చిన్న సంతకం విలువ ఇక్కడ మరోసారి తెలుస్తుంది.

తాటకికి ఏ బట్ట?

2008లో హైదరాబాదులోని అన్వేషి పరిశోధన కేంద్రం రూపొందించిన 'డిఫరెంట్ టేల్స్' శ్రేణి ఇంగ్లీషు, తెలుగు, మలయాళాల్లో వెలువడింది. పిల్లల పుస్తకాల్లో కనబడని బాల్యాలను, దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల బాల్యాలను తీసుకురావడం దాని లక్ష్యం. గోగు శ్యామల రాసిన తాటకి కథ అందులో ఉంది. తెల్లవారుజామున పొలానికి నీళ్లు కట్టడానికి ఒంటరిగా వెళ్లే దళిత బాలిక ఆ కథానాయిక. పురాణంలో రాక్షసి పేరును ఇక్కడ ధైర్యానికి పేరుగా మార్చారు.

చిత్రకారుడి ముందు ఈ కథ పెట్టే ప్రశ్న ఎంతో పదునైనది. శంకర్ సంప్రదాయంలో తాటకికి కోరలు, విరబోసిన జుట్టు, తోలుబట్ట సిద్ధంగా ఉన్నాయి. బాపు సంప్రదాయంలో పల్లె పిల్లకు లంగా, పూలజడ సిద్ధంగా ఉన్నాయి. రెండూ ఈ అమ్మాయికి సరిపోవు. బురదలో దిగే పిల్ల బట్టను ఎలా చెక్కుకుంటుంది, ఎవరి పాత బట్ట ఆమెకు చేరింది, తడిస్తే మార్చుకోవడానికి మరొకటి ఉందా అనే విషయాలు తెలియకుండా ఆమెను గీయడం కుదరదు. పేదరికాన్ని చిరుగుతో చూపడం సులువు, అది మళ్లీ గుర్తింపు చీటీయే అవుతుంది. పని చేసే శరీరానికి తగిన, గౌరవం తగ్గని ఆహార్యాన్ని కల్పించడం కష్టం. తెలుగు చిత్రకళ నూటికి పైగా సంవత్సరాల్లో దీనికి ఒక నుడికారం తయారుచేసుకోలేదు. కాబట్టి ఈ తరం చిత్రకారుల పని పాత నమూనాను దిద్దడంతో తీరదు, కొత్తగా చూసి గీయాలి.

ఒకే బొమ్మ అన్ని భాషలకూ అనే పాత పద్ధతి ఇంకా పోలేదు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం అదే దారిలో నడిచింది. 2015లో ప్రథమ్ బుక్స్ ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో తెలుగు పాఠం వేరే భాషా ప్రాంతపు బొమ్మతో, తెలుగు ప్రాంతపు బొమ్మ వేరే భాషా పాఠంతో కలవవచ్చు. అయితే అక్కడ ప్రతి పుస్తకంలోనూ చిత్రకారుల పేర్లు నమోదవుతున్నాయి. ఎవరు ఏ బట్టను ఎక్కడ చూసి గీశారో రేపటి పరిశోధకుడు కనీసం వెతకగలడు.

నిన్నటివారి విషయంలో ఆ వీలు సన్నగిల్లుతోంది. పిల్లల పత్రికల పాత సంచికలను సంపుటాలుగా కుట్టేటప్పుడు అట్టలు తీసివేయడం చాలా గ్రంథాలయాల్లో అలవాటు. అలా తీసేసినవాటిలో వపా ముఖచిత్రాలు పోయాయి. గ్రంథసూచికల్లో రచయితకు, ప్రచురణకర్తకు, సంవత్సరానికి గడులు ఉంటాయి, బొమ్మలు వేసినవారికి గడి సాధారణంగా ఉండదు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు తయారుచేసే బాలసాహిత్య సూచికల్లో ఆ ఒక్క గడి చేర్చి, సంతకం చదవగలిగిన ప్రతి బొమ్మకూ పేరు రాయడం ఇప్పుడే చేయగల పని. శంకర్ 2020 దాకా మన మధ్యనే ఉన్నారు. విక్రమార్కుడికి ఆ తొడుగు ఎక్కడిదని ఆయనను అడిగి నమోదు చేసిన తెలుగు పరిశోధన గ్రంథం కోసం ఇంకా ఎదురుచూడవలసే ఉంది.